గోష్ఠిని వెదకుకొనుట

ధనుర్మాసము వచ్చినంతనే తిరుమలలో సుప్రభాతమునకు మారుగా తిరుప్పావై వినిపించును. ముప్పది పాశురములు గల ఆ ప్రబంధమున శ్రద్ధతో గమనింపదగిన విషయమొకటి కలదు. గోదాదేవికి స్వామియందు గల ప్రేమకు కొదువ లేదు. ఆమెకు దారి తెలియకపోలేదు. వేకువనే ఆమెను మరియొకరు వచ్చి లేపవలసిన పనియు లేదు. అయినను ఆమె ఒంటరిగా బయలుదేరలేదు. ఆరవ పాశురము మొదలు పదునైదవ పాశురము వరకు పదిమంది చెలుల వాకిళ్ల నిలిచి, ఒక్కొక్కరిని పిలిచి లేపెను. నిద్రమత్తు వీడనివారిని, తలుపు తీయనివారిని, లోపలనుండి మాటకు మాట చెప్పినవారిని గూడ విడిచిపెట్టలేదు. అందరు కూడిన పిమ్మటనే నందగోపుని వాకిటికి నడచెను. భగవంతుని చేరగోరువాడు భాగవతగోష్ఠితో కూడి పోవలెనని పూర్వాచార్యులు ఈ పది పాశురములలో దర్శించిన తాత్పర్యము.

ఈ తాత్పర్యము పరమపదమునకు మాత్రమే చెల్లునది కాదు. ఈ లోకమునందే ఒక లోతైన గోతిలో పడినవాడు పైకి వచ్చుటకును ఇదియే ఉపాయము. ఆ గోయి మద్యవ్యసనము. ఒంటరిగా దానినుండి వెలువడుటకు ప్రయత్నించి మరల మరల జారినవారు లోకమున కోకొల్లలుగా ఉన్నారు. తమవంటివారి గోష్ఠిని వెదకి, అందులో కూర్చుండి, ఒక్కొక్క దినముగా బ్రతుకును నిలుపుకొన్నవారును ఉన్నారు. అట్టి గోష్ఠి యెక్కడ నున్నది, దానిని చేరుట యెట్లు, భగవద్భక్తుడైనవాడు అందు చేరవచ్చునా అనునవి నేడు అనేక గృహములవారు తెలిసికొనవలసిన సంగతులు.

మొక్కు తీరిన పిమ్మట

కొండకు వచ్చు కుటుంబములలో ఈ బాధను కడుపున పెట్టుకొని వచ్చునవి తక్కువేమియు కాదు. ఇల్లాలు ముడుపు కట్టి భర్తను తోడ్కొని వచ్చును. అతడు తలనీలాలు సమర్పించి, పుష్కరిణిలో మునిగి, ఇక ముట్టనని స్వామి యెదుట ప్రమాణము చేయును. ఆ క్షణమున ఆ ప్రమాణము కపటము కాదు. ఆ కన్నీరును కపటము కాదు. కొండ దిగి ఇల్లు చేరిన పది దినములకో పక్షమునకో మరల బీరువా వెనుక సీసా కనబడును. అప్పుడా యిల్లాలి మనస్సున రెండు తలపులు పుట్టును. భర్త దేవునికే అబద్ధమాడినాడనునది ఒకటి. పైకి అనలేక లోలోపల కుమిలిపోవునది రెండవది: స్వామి తన మొర వినలేదని. ఈ రెండును సత్యములు కావు. మొక్కు ఒక దినపు కార్యము. వ్యసనము ప్రతిదినము సాయంకాలము వచ్చి వాకిట నిలుచునది. ప్రతిదినము వచ్చు శత్రువునకు ప్రతిదినము తోడుండు రక్షణ కావలెను.

ఇందుకు మన కన్నుల యెదుటనే ఒక నిదర్శనము కలదు. దీక్షామాల ధరించి నలుబదియొక్క దినములు మద్యమును ముట్టక, చన్నీటి స్నానముతో, నేల పడకతో, నియమము తప్పక గడపువారిని ప్రతి యూరను చూచుచున్నాము. మాల విప్పిన నాటి సాయంకాలమే కొందరు మరల దుకాణము మెట్లెక్కుదురు. చూచినవారు నవ్వుదురు. నవ్వుటకు ముందు ఆలోచింపవలసిన ప్రశ్న యొకటి కలదు. ఆ నలుబది దినములు అతనిని నిలిపినదేమి? దైవభక్తి నిలిపినది, నిజమే. కాని ఆ భక్తి మాల విప్పగానే ఆవిరి కాలేదు గదా. ఆ దినములలో అతనికి తోడి స్వాములున్నారు. ప్రొద్దున కలిసి పూజ, సాయంకాలము కలిసి భజన. అతడు రాకున్నచో వెదకికొనుచు వచ్చువారున్నారు. నియమము తెలిసిన పెద్ద యొకడున్నాడు. మాల విప్పగానే ఆ గోష్ఠి చెదరిపోయినది. సాయంకాలము ఆరు గంటలకు అతని పాదములకు తెలిసిన పాతదారి యొక్కటే మిగిలినది.

కావున మద్యవ్యసనము కేవలము దుర్మార్గము కాదు, బుద్ధిహీనతయు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగముల పట్టికలో మద్యమునకు బానిసయగుటను ఒక రోగముగనే చేర్చినది. కేంద్ర ప్రభుత్వము ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ద్వారా జరిపించి 2019లో ప్రకటించిన సర్వే ననుసరించి, మన దేశమున సుమారు 2.9 కోట్లమంది ఈ రోగమునకు చిక్కినవారు. వారిలో ఏదో ఒక విధమైన చికిత్స లేక సహాయము పొందినవారు 38 మందికి ఒక్కరు మాత్రమే. మిగిలిన 37 గృహములలో ఏమి జరుగుచున్నదో ఊహించుట కష్టము కాదు. తలుపులు మూసికొని, బంధువులకు తెలియనీయక, ఆడబిడ్డ పెండ్లి యెట్లగునో యని భయపడుచు, ఎవరికివారు ఒంటరిగా పోరాడుచున్నారు.

ఆజ్ఞ యొక్కటే చాలదు

మద్యము కీడని మన శాస్త్రములు నేడు క్రొత్తగా చెప్పుటలేదు. శ్రీమద్భాగవతము ప్రథమస్కంధమున పరీక్షిన్మహారాజు కలిపురుషుని నిగ్రహించి, అతడు నివసించుటకు చూపిన తావులలో పానము ఒకటి. కచుని వృత్తాంతమున శుక్రాచార్యుడంతటివాడు తాను త్రాగిన మద్యమువలననే మోసపోయి, దానికి శాపమిచ్చినట్లు భారతము ఆదిపర్వము చెప్పుచున్నది. కాని నిషేధము, శాపము, భయము ఇవి యెంతవరకు పనిచేయునో మౌసలపర్వము చూపినట్లు మరియొకటి చూపదు.

మునుల శాపమువలన ముసలము పుట్టిన పిమ్మట ద్వారకలో చాటింపు వేయించిరి. నాటినుండి ఎవ్వరును మద్యము చేయరాదని, చేసినవానిని బంధుసహితముగా కొరత వేయుదురని రాజాజ్ఞ. అంతకుమించిన కఠినశిక్ష యేమున్నది? అయినను పిమ్మట యాదవులు ప్రభాసతీర్థమునకు యాత్రగా పోయి, ఆ పుణ్యక్షేత్రముననే త్రాగిరి. మాటకు మాట పెరిగినది. తుంగపరకలే ఆయుధములుగా ఒకరినొకరు చంపుకొనిరి. శ్రీకృష్ణుడు వారి నడుమనే ఉండెను. తీర్థము ఉన్నది, భగవంతుడు ఉన్నాడు, రాజశాసనము ఉన్నది. లేనిదెల్ల ఒకరిని చూచి మరియొకరు నిలబడు సద్గోష్ఠి. ఉన్నది పానగోష్ఠి.

మన తెలుగునాట జరిగినదియు ఇట్టిదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపపు బడిలో కూడిన స్త్రీలు సారా దుకాణమును ఎదిరించి నిలిచిరి. ఒక్కొక్క యింట ఏడ్చుచున్నంతకాలము ఎవరికిని వినబడని యేడుపు, పదిమంది ఒకచోట కూడగనే రాష్ట్రమంతట వినబడెను. 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో ఆ నిషేధము సడలెను. ఆ తల్లుల పోరాటము వృథాయని ఎవ్వరును అనరాదు. ఎన్నో కాపురములను అది నిలిపినది. అయితే శాసనము దుకాణము తలుపు మూయగలదు గాని, బానిసయైనవాని మనస్సున తెరచియున్న తలుపును మూయజాలదు. ఆ స్త్రీలకు బలమిచ్చినది ఏదో అదియే ఆ పురుషులకును కావలసియున్నది. తమ బాధ తెలిసినవారితో కూడియుండుటయే అది.

గజేంద్రుని కథలోను ఈ సంగతియే గోచరించును. అతడు వేయి సంవత్సరములు తన బలముతో పోరాడెను. నీటిలో మకరి బలము పెరిగెను. ఏనుగు బలము తరిగెను. గట్టున నిలిచిన ఆడుయేనుగులకు అతనిపై ప్రేమ లేదా? ఉన్నది. కాని ప్రేమ యున్నంతమాత్రమున లాగి పైకి తేలేకపోయినవి. త్రాగుబోతు భార్యాబిడ్డల స్థితి యిదియే. తనవలన కాదని గజేంద్రుడు నిజముగా తెలిసికొన్న క్షణముననే అతని మొర వైకుంఠమునకు చేరినది. శరణాగతికి అంగములుగా చెప్పబడినవానిలో కార్పణ్యమనగా నిదియే. తన శక్తి యడుగంటినదని కపటము లేక ఒప్పుకొనుట.

అక్రాన్ నగరపు కథ

ఆ ఒప్పుకోలునే మొదటి మెట్టుగా పెట్టుకొని పశ్చిమదేశమున ఒక గోష్ఠి పుట్టినది. ఆ పుట్టుక వినదగినది. ఏలయన, అది ఒకడు మరియొకనిని వెదకిన కథ.

అమెరికా దేశమున న్యూయార్కు నగరమందు షేర్ల వ్యాపారము చేయు బిల్ అను నతడు మద్యమువలన సర్వమును పోగొట్టుకొని, ఆసుపత్రి పాలై, 1934 డిసెంబరులో త్రాగుడు మానెను. 1935 మే నెలలో వ్యాపారపు పనిమీద ఒహైయో రాష్ట్రములోని అక్రాన్ నగరమునకు పోయెను. పని చెడిపోయినది. చేతిలో డబ్బు లేదు. పరిచితులు లేరు. దిగిన హోటలులో ఒకవైపు మద్యశాలనుండి నవ్వులు వినబడుచున్నవి. మరియొకవైపు టెలిఫోను ఉన్నది. ఆ క్షణమున అతనికి తోచినదేమనగా, తనవలెనే త్రాగుడుతో బాధపడు మరియొకనితో మాటాడిననే గాని తాను ఆ రాత్రి నిలువజాలడని. అంతట ఆ యూరి చర్చిలకు ఫోను చేసి, అట్టి మనిషి యెవరైన కలడాయని విచారించెను. చివరకు ఒక దయగల స్త్రీ దొరకినది. మరునాటి సాయంకాలము ఆమె ఇంట ఒక శస్త్రవైద్యుని చూపినది. అతడే డాక్టర్ బాబ్. పదునైదు నిమిషములకు మించి కూర్చుండనని నియమము పెట్టి వచ్చిన ఆ వైద్యుడు, ఆరు గంటలకు పైగా కూర్చుండిపోయెను.

కారణమేమి? అంతకుముందు అతనికి బుద్ధి చెప్పినవారికి కొదువ లేదు. అతడే వైద్యుడు, మద్యము చేయు కీడు అతనికి ఒకరు చెప్పవలసిన పని లేదు. కాని ఆనాడు వచ్చినవాడు అతనికి బుద్ధి చెప్పలేదు. తన కథ చెప్పికొనెను. తాను బ్రతుకుటకు తన కథ చెప్పుకొనవలసియున్నదని చెప్పెను. గోతిలో పడి లేచినవాడు గోతిలో నున్నవానితో పలికిన మాట అది. దానికి సాటియైన మాట పండితుని నోటను రాదు, వైద్యుని నోటను రాదు.

ఇంకొక విషయము. ఆ సమావేశము తరువాత డాక్టర్ బాబ్ మరల ఒకమారు జారి త్రాగెను. మిత్రుడు అతనిని విడువలేదు. 1935 జూన్ 10వ తేది అతడు చివరిమారు త్రాగిన దినము. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము ఆ దినమునే తన జన్మదినముగా ఎంచుకొన్నది. ఆ వెంటనే ఇద్దరును కలిసి అక్రాన్ ఆసుపత్రిలో పడియున్న మూడవవానిని వెదకికొనుచు పోయిరి. 1939లో తమ అనుభవములను గ్రంథముగా ప్రకటించిరి. నేడా గోష్ఠులు సుమారు 180 దేశములలో కలవు. మన దేశమునను దశాబ్దములుగా నడుచుచున్నవి. 2020లో కాక్రేన్ అను వైద్యపరిశోధక సంస్థ 27 అధ్యయనములను, అందు పాల్గొన్న 10,565 మంది ఫలితములను పరిశీలించి, మద్యమునకు పూర్తిగా దూరముగా నిలుచుటలో ఈ మార్గము ఇతర చికిత్సలకు తీసిపోదని, కొన్నింటికంటె మేలైనదనియు తేల్చినది.

భక్తునికి కలుగు సందేహములు

ఇది పరదేశమున పుట్టినది గదా, సమావేశము ఒక్కొక్కచోట చర్చి హాలులో జరుగును గదా, నామము ధరించినవాడు అక్కడ కూర్చుండవచ్చునా యని ఒక శంక. ఆ సంఘము ఏ మతమునకును చెందినది కాదు. ఎవరి ఇష్టదైవమును వారు తలచుకొనవచ్చునని స్పష్టముగా చెప్పును. తనకంటె అధికమైన శక్తియని అక్కడ అన్నప్పుడు వైష్ణవుడు శ్రీనివాసుని తలచును. మరియొకడు మరియొకరిని తలచును. బడి గదిలోనో, ఆసుపత్రి వరండాలోనో, చర్చి హాలులోనో అద్దెకు దొరకిన చోట కుర్చీలు వేసికొందురు. గోడల ననుసరించి గోష్ఠి గుణము మారదు.

కులగోత్రములు తెలియనివారి నడుమ కూర్చుండుట యెట్లని మరియొక శంక. భగవద్రామానుజులు శ్రీరంగమున ధనుర్దాసుడను మల్లుని చేరదీసిన వృత్తాంతము తెలిసినవారికి ఈ శంక నిలువదు. అతడు భార్య కన్నుల అందమునకు దాసుడై, ఎండలో ఆమెకు గొడుగు పట్టుకొని వీథిలో వెనుకవైపుగా నడుచుచుండెను. లోకము నవ్వినది. రామానుజులు నవ్వలేదు, నిందింపలేదు. పిలిచి, అంతకుమించిన అందము కల కన్నులను చూపుదునని శ్రీరంగనాథుని సన్నిధికి తీసికొనిపోయిరి. అటుపిమ్మట కావేరిలో స్నానము చేసి వచ్చునప్పుడు ఆ ధనుర్దాసుని చేతినే ఊతగా గొని నడచిరి. వ్యసనిని తిట్టి మాన్పినవారు కారు. మేలైనదానిని చూపి, తమ గోష్ఠిలో చోటిచ్చి మాన్పిరి.

పదిమంది యెదుట తన తప్పు చెప్పుకొనుట అవమానము కాదాయని మూడవ శంక. ఆళవందారులవంటి మహనీయులు స్తోత్రరత్నమున తమయందు లేని దోషములను గూడ తమవిగా ఎంచుకొని స్వామి సన్నిధిని విన్నవించుకొనిరి. దానిని నైచ్యానుసంధానమనుచున్నాము, నిత్యము భక్తితో పారాయణ చేయుచున్నాము. దోషమే లేని పెద్దలు అట్లు పలుకగా, దోషము కలవాడు పలుకుటకు సిగ్గేల? సిగ్గు పడవలసినది దాచుటకు.

స్వామియే రక్షింపగలడు గదా, నడుమ మనుష్యులెందుకని భక్తులు అడుగు శంక నాలుగవది, అన్నింటికంటె బలమైనది. దీనికి తొండరడిప్పొడి ఆళ్వారుల చరిత్రయే సమాధానము. శ్రీరంగమున పూమాలల కైంకర్యము చేయు విప్రనారాయణుడు దేవదేవి మోహమున పడి సర్వము పోగొట్టుకొనెను. స్వామి తానే పరిచారకుని రూపమున ఆమె ఇంటికి బంగారుపాత్ర తీసికొనిపోయెను. దొంగతనపు నింద వచ్చినప్పుడు తానే దానిని బాపెను. ఇంతకంటె సూటియైన దైవసహాయము యేమున్నది? అయినను ఆ మహనీయుడు అంతటితో తృప్తి పొందలేదు. తనకు ప్రాయశ్చిత్తమేమని పెద్దలనడిగెను. భాగవతుల శ్రీపాదతీర్థమును స్వీకరింపుమని వారు విధించిరి. అంతట భక్తుల పాదధూళియనియే తన పేరు పెట్టుకొని, జీవితాంతము భక్తుల నడుమ నిలిచెను. గోతినుండి చేయిచ్చి లేపినవాడు స్వామి. మరల పడకుండ నిలిపినది గోష్ఠి. ఆ గోష్ఠియు స్వామి అనుగ్రహములోనిదే.

ద్వారము ఎక్కడ

ఇక ఆ ద్వారమును వెదకువారు తెలిసికొనవలసిన సంగతులు. మొదటిది వైద్యునికి సంబంధించినది. ఏండ్ల తరబడి ప్రతిదినము ఎక్కువగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో, కొన్ని గంటలలోనే చేతులు వణకుట, చెమటలు పట్టుట మొదలగును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినము వరకు మతిభ్రమణము కలుగవచ్చును. ఇది ప్రాణాపాయకరము. కాబట్టి మొక్కు కట్టినను, మాల వేసినను, సమావేశమునకు పోదలచినను, అట్టివాడు ముందుగా ఆసుపత్రిలో వైద్యుని చూడవలెను. త్రాగుడు మాన్పించునవని చెప్పు పొడులను, మాత్రలను అతనికి తెలియకుండ అన్నములో కలుపుట కొన్ని ఇండ్లలో జరుగుచున్నది. అది మిక్కిలి ప్రమాదము; నమ్మకమును గూడ చంపును.

రెండవది, చిరునామా తెలిసికొనుట. కేంద్ర ప్రభుత్వము వ్యసనవిముక్తికై నడుపుచున్న 14446 అను నంబరునకు రుసుము లేకుండ ఫోను చేయవచ్చును. మానసిక ఆరోగ్యమునకై 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416. ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్యవిభాగమువారిని, వ్యసనవిముక్తి కేంద్రములవారిని అడిగినను తమ యూరి సమావేశములను చెప్పగలరు. ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘమువారి భారతదేశ శాఖ సమావేశముల ఊరు, వారము, వేళ తెలుపు పట్టికను ప్రకటించుచున్నది. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు వంటి నగరములలో వారమునకు పెక్కు సమావేశములు జరుగును. విదేశములలో నున్న తెలుగువారికి అక్కడి ఊళ్లలోనే దొరకును. సమీపమున లేనివారికి ఫోనుద్వారా, కంప్యూటరుద్వారా జరుగు సమావేశములు కలవు. ఇద్దరు ముగ్గురు కూడినను అది గోష్ఠియేయని ఆ సంఘపు నియమము. అక్రాన్‌లో మొదట కూడినది ఇద్దరే గదా.

మూడవది, అక్కడ ఏమి జరుగునో తెలిసియుండుట. తెలియనందువలననే అనేకులు వాకిటిదాక పోయి మరలి వత్తురు. సభ్యుడగుటకు చందా లేదు, దరఖాస్తు లేదు. త్రాగుడు మానవలెనను కోరిక యొక్కటే అర్హత. ఇంటిపేరు అడుగరు. అక్కడ వినినది బయట చెప్పరు. ఒక్కొక్కరు లేచి తమ అనుభవమును చెప్పుకొందురు. నడుమ ఎవ్వరును అడ్డుతగలరు, తీర్పు చెప్పరు. క్రొత్తగా వచ్చినవాడు ఏమియు పలుకక వెనుక కుర్చీలో కూర్చుండి వినవచ్చును. జీవితాంతము ముట్టనని అక్కడ ఒట్టు పెట్టింపరు. నేటి దినము ముట్టకుండ గడపుటయే వ్రతము. రేపటి సంగతి రేపు. మన గృహములలో తిరువారాధన ఒకనాడు చేసి ముగించునది కాదు, ప్రతిదినము చేయునది. ఇదియు అట్టిదే. ముందు నడచిన సభ్యుడొకడు క్రొత్తవానికి తోడుగా నిలిచి తన ఫోను నంబరు ఇచ్చును. సాయంకాలము ఆరు గంటలకు మనస్సు చెడినప్పుడు దుకాణమునకు పోవు బదులు పిలువదగిన మనిషి దొరకును.

ఒక సమావేశము మనస్సునకు నచ్చకున్నచో మరియొకదానికి పోవలెను. ఒక్క గుడిలో దర్శనము కాకున్న తీర్థయాత్ర మానుకొనువారు లేరు గదా. మొదటి నెలలలో వీలైనన్ని సమావేశములకు పోవుట మేలు.

నాలుగవది, ఇంటివారి సంగతి. భార్యకు, తల్లిదండ్రులకు, బిడ్డలకు వేరుగా గోష్ఠి కలదు. 1951లో బిల్ భార్య లోయిస్ తోడి గృహిణితో కలిసి అల్-అనాన్ అను సంఘమును స్థాపించెను. భర్త మానినను మానకున్నను భార్య అక్కడికి పోవచ్చును. అతడు త్రాగుటకు తాను కారణము కాదని, అతనిని మాన్పుట తన చేతిలో లేదని, తన బ్రతుకును తాను నిలుపుకొనవచ్చునని అక్కడ వినును. ఎన్నో యేండ్లుగా తననే నిందించుకొన్న తల్లికి ఆ మాట తులసితీర్థమువలె చల్లగా తగులును.

గృహస్థుల బాధ్యత

ఈ గోష్ఠిని చేరినవాడు మరల ఒకమారు జారవచ్చును. డాక్టర్ బాబ్ జారినట్లే. అప్పుడు అంతా అయిపోయినదని ఇంటివారు అనరాదు. నడక నేర్చు బిడ్డ పడినప్పుడు తల్లి లెక్క వ్రాసికొనదు. మరునాడు మరల సమావేశమునకు పంపుటయే చేయదగినది.

బంధుమిత్రులకును ఒక ధర్మము కలదు. మానినవానిని పెండ్లిళ్లలో, విందులలో ఒక్క గ్లాసునకు ఏమగునని బలవంతపెట్టుట పరిహాసము కాదు. మకరి యున్న మడుగులోనికి గజేంద్రుని మరల త్రోయుట. అతడు గతమున చేసినదానిని పదిమందిలో ఎత్తి చూపుటయు అట్టిదే. లేచి నిలబడిన భక్తుని పూర్వదోషము తలచుట భాగవతాపచారమని పెద్దలు హెచ్చరించియున్నారు.

తిరుమలకొండపై మద్యమునకు చోటు లేదు. ఈ నియమము కొండవరకే కాక, కొండనుండి తిరిగి వెళ్లు ప్రతి గృహమునను నిలువవలెనన్నచో, మొక్కు తీర్చుకొని దిగునాడు ఇల్లాలి చేతిలో ప్రసాదముతోపాటు ఒక సమావేశపు చిరునామా గూడ ఉండవలెను. మొదటినాడు తోడు రమ్మని అతడు అడుగవచ్చును; బహిరంగ సమావేశమైనచో ఇంటివారును లోపల కూర్చుండవచ్చును. కాకున్న వాకిటివరకైన తోడు పోవలెను. గోదాదేవి చెలుల వాకిళ్ల నిలిచినట్లు, అతడు లోనికి అడుగు పెట్టువరకు నిలువవలెను. తలుపు తీయుట ఆలస్యమైనను విసుగరాదు. పదిమందిని లేపిననాటి వేకువ పదిమార్లు వాకిట వేచి నిలిచిన వేకువ.

ఏ యింట ఈ బాధ కలదో ఆ యింటివారికి దారి చూపువారిని శ్రీనివాసుడు సమకూర్చును గాక. దారి చూచినవారికి అడుగు వేయు ధైర్యమును అనుగ్రహించును గాక.